తుప్పు వెయ్యడం

ముందు పాలిథిన్ కాగితం చుట్టాను యాగొడకి,
మెడ నుంచి నడుం దాకా.
పైన టేపు. టేపు మీద స్కెచ్ పెన్ను గీతలు.
ఊపిరి బిగపట్టకు అన్నాను,
బిగపట్టిన ఛాతీకి కోసిన కవచం
ఊపిరి వదలగానే వేలాడుతుంది.
ఆరేళ్లది, ఆగలేక నవ్వింది.
గీత ఒకటి డొక్క మీదుగా వంకర పోయింది.
ఆ వంకర అలాగే ఉంచేశాను.

కత్తెరతో వీపు వైపు చీలిస్తే
బల్ల మీద దాని ఒళ్లు
నారింజ తొక్కలా విచ్చుకుంది.

ఫోమ్ కొనలేదు.
పడగ్గది గోడకి చేరేసిన పాత పలకలున్నాయి,
పళ్లతో ఒకదాన్నొకటి కరుచుకునే రంగు పలకలు.
వీటి మీదే బోర్లా పడింది, పాకింది.
పచ్చ పలక అంచున ఇప్పటికీ నాలుగు పంటిగాట్లు.
దాన్ని వెన్నుకి వాడాను,
గాట్లు లోపలివైపు వచ్చేలా.

ఇరవై రెండేళ్లు రియెకా షిప్‌యార్డులో
ఉక్కు రేకులు వంచాను.
పన్నెండు మిల్లీమీటర్ల రేకు వంగాలంటే
ముగ్గురు మనుషులు, ఒక మంట, బోలెడు బూతులు కావాలి.
ఇదేమో హీట్ గన్ను చూపించానో లేదో
మెత్తబడింది,
మోకాలి మీద నొక్కితే
మోకాలి ఆకారమే పట్టింది.
నా చేతులకి నమ్మకం చాల్లేదు.
అలవాటు బలం పెట్టి మొదటి భుజం పాడుచేశాను.

జిగురు రెండంచులకీ పూసి
పది నిమిషాలు ఆగాలి.
వేలికి అంటనప్పుడే ఒకదానికొకటి అతుక్కుంటాయి,
అతుక్కున్నాక సర్దడం ఉండదు.
వాసనకి కిటికీ తెరిచాను.
కొండల మీంచి బూరా గాలి, మా చలికాలపు రౌడీ,
లోపలికి దూకి
కొలత కాగితాలన్నీ వంటింట్లోకి తోలింది.
యాగొడ వాటి వెనక పరిగెత్తి
తన ఎడమ చెయ్యి పట్టుకొచ్చింది.

"యుద్ధం మధ్యలో ఒంటేలొస్తే?"
ఇన్ని రాత్రులు కూచున్నాను, ఈ సంగతి
నాకు తట్టనే లేదు.
నడుం కింది పలకలు మళ్లీ కోసి
బూటు లేసులతో వేలాడదీశాను,
ఎత్తితే తలుపులా తెరుచుకునేలా.
మా అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి
మహారాజులకీ ఇదే బాధ అయ్యుంటుంది అంది.

నల్లరంగు రెండు పూతలు.
ఆ మీద వెండి, కానీ తడిగా కాదు:
బ్రష్షు ముంచి, నిన్నటి పేపరు మీద
దాదాపు అంతా తుడిచేసి,
మిగిలిన ఆ కాస్తతో
అంచుల మీద మాత్రం, వెంట్రుక తగిలినట్టు.
మెల్లగా ఉక్కు పైకొచ్చింది.
నేనెరిగిన ఉక్కే,
ఓడ పొట్ట కింద, పొద్దున ఆరింటికి,
దీపాలార్పకముందు కనబడేది.

"కొత్తగా ఉంది" అంది, నచ్చనట్టు.
"కొత్తదైతే ఏం?"
"నేనింకా ఎవరితోనూ కొట్లాడలేదని
తెలిసిపోతుందిగా."

గోధుమరంగులో కాస్త నారింజ కలిపాను.
బతుకంతా తుప్పు గీకినవాణ్ణి.
అది ఎక్కడ మొదలవుతుందో
నిద్రలో అడిగినా చెబుతాను:
రివెట్టు కింద, అతుకు మూలల్లో,
నీళ్లు జారి జారి ఆగే చోట.
సరిగ్గా అక్కడే వేశాను, ప్రేమగా వేశాను.
మేస్త్రీ వ్లాత్కో చూసుంటే
ఆ రోజు కూలి కోసేవాడు.

కార్నివాల్ రోజు కోర్జో వీధి నిండా పిల్లలు.
తేనెటీగ వేషం కుర్రాడొకడు
కర్రతో దాని ఛాతీ మీద పొడిచాడు.
ఫోమ్ కదా, చప్పుడు రాలేదు.
అర క్షణం ఆగి
"ఠంగ్!" అంది యాగొడ, నోటితో.
తేనెటీగ జడిసి వెనక్కి తగ్గింది.

ఇంటికొచ్చే బస్సులో నిద్రపోయింది,
శిరస్త్రాణం నా ఒళ్లో, నిండా కాగితప్పూలు.
మెల్లగా లేసులు విప్పాను.
లోపలంతా చెమట.
కుడి చంక దగ్గర, రెండో అతుకు పక్కన,
రంగు పగిలి ఒక సన్న గీత.

వీధి దీపం వచ్చినప్పుడల్లా వంగి చూశాను.
అది నేను వేసింది కాదు.